రకం కాదు

పన్నెండో నాణెం కూడా బల్ల మీద పడేసరికి పరీక్షకుడికి ఒళ్ళు మండింది. తెచ్చినావిడ బయటి మనిషైతే ఏదో ఒకటి అనేసేవాడు. తెచ్చింది సొంత మేనత్త.

"అత్తా, పొద్దున్నుంచి ఇది ఎన్నోది?"

"పన్నెండోది. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను. అంకె పక్కన ఇంకో అంకె ఉంది, సరిగ్గా చూడు."

నాణేల సంఘం గదిలో గోడ గడియారం ఐదుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. తెల్లారితే ప్రదర్శన. ఈ ఏడాది సభ్యులకు దొరికిన కొత్త రకం, అంటే అచ్చులోనే తేడా ఉన్న నాణెం, ఒక్కటైనా ఐదింటిలోగా చేరకపోతే, రకాల బల్ల ఎత్తేసి ఆ చోటు పతకాల వాళ్ళకి ఇచ్చేస్తానని కార్యదర్శి ఖరాఖండిగా చెప్పేశాడు. మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి సాధించుకున్న బల్ల అది. పరీక్షకుడు దాని మీద నల్లగుడ్డ పరిచాడు, దీపం అమర్చాడు. "అచ్చులోనే జంట పడినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ కూడా రాసి నిలబెట్టాడు. చీటీ వెనక పెట్టడానికే ఏమీ లేదు.

సభ్యులు తేవడం మాత్రం తెగ తెచ్చారు. అన్నీ ఒకటే బాపతు. ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి అదే పాఠం చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి, పోయిన వారం ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. "యంత్రపు అదురు. రకం కాదు." నాణెం చూడడం, కవరులో వెయ్యడం, కవరు మీద స్టాంపు గుద్ది చేతిలో పెట్టడం. ప్రాణానికి హాయిగా ఉంది.

మేనత్త మాత్రం స్టాంపుకి లొంగే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన కళ్ళు ఆవిడవి. ఒత్తు జారినా సున్న చెదిరినా ఆ కళ్ళకి నిద్రపట్టదు. గుద్దిన కవరల్లా సంచిలో వేసుకోవడం, ఇంకో నాణెంతో తిరిగిరావడం.

భూతద్దం కింద నాణేన్ని ఇటూ అటూ తిప్పాడు. అంకెకి కుడివైపున రెండో గీత ఉన్నమాట నిజమే. కానీ అది చదునుగా, మెట్టులా ఉంది. నిట్టూర్చి మళ్ళీ మొదలుపెట్టాడు. అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడితే రెండు గీతలూ ఒకే ఎత్తున గుండ్రంగా లేస్తాయి, కొసన చేప తోకలా చీలతాయి. అచ్చు బాగానే ఉండి, కొట్టేటప్పుడు యంత్రం అదిరిందనుకో, లోహం పక్కకి ఒరుసుకుపోయి ఇలా మెట్టు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తప్పు అచ్చులో ఉంటే ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే గీత అదే చోట ఉండితీరాలి. అదురుదైతే ఒకదానిలా ఇంకొకటి ఉండదు.

"ప్రతిదాని మీదా అదే చోట," అంది మేనత్త, పాఠం అప్పజెబుతున్నట్టు.

"వెంట్రుకవాసి తేడా రాదు. ఇక నన్నొదిలెయ్ అత్తా."

పోనీ బల్ల పోకుండా ఇవాళ్టికి దీన్నే పెట్టెయ్యరాదా, అంత దగ్గరికొచ్చి చూసేవాళ్ళెవరని అడిగిందావిడ. బల్ల పోతే పోయింది గానీ మెట్టు గీతని తెచ్చి రకం అని చెప్పుకునే ఖర్మ తనకి పట్టలేదన్నాడు. ఆ విసురులోనే నాణేన్ని కవరులో తోసి, స్టాంపు ఠపీమని గుద్దాడు.

మేనత్త కవరు అందుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, 'రకం'లో 'ర' నెత్తిన రెండు తలకట్లు ఉన్నాయేమిట్రా అంది.

"చెయ్యి అదిరిందత్తా. నేను పొద్దున్నుంచి మొత్తుకుంటున్నదీ అదే. స్టాంపు లక్షణంగా ఉంది. గుద్దేటప్పుడు చెయ్యి జరిగింది, రెండో గీత పడింది. నీ నాణెం కథా ఇంతే. దీన్ని మించిన ఉదాహరణ ఇంక నా దగ్గర లేదు."

మేనత్త కవరు పక్కన పెట్టింది. సంచి విప్పి, పొద్దున్నుంచి పోగైన పదకొండు కవర్లూ తీసి, పేకముక్కల్లా బల్ల మీద వరసగా పేర్చింది. చివర్న పన్నెండోది పెట్టింది.

"నీ చెయ్యి ఎంత బుద్ధిమంతురాలురా. పన్నెండుసార్లూ ఒకే చోట అదిరింది."

పరీక్షకుడు వంగి చూశాడు. ప్రతి కవరు మీదా 'ర' తలకట్టు పక్కన ఇంకో తలకట్టు. ఒకే మందం. కొసన చేప తోక. గబుక్కున స్టాంపు తిరగేసి భూతద్దం కింద పెట్టాడు. రబ్బరు మీదా అవే రెండు తలకట్లు, ఒకే ఎత్తున, గుండ్రంగా. ఊళ్ళోవాళ్ళ నాణేలన్నీ కాదంటూ వారం రోజులుగా దీన్నే పిడికిట్లో పట్టుకు తిరుగుతున్నాడు.

తలుపు దగ్గర అలికిడైంది. కార్యదర్శి. వెనకే పతకాల పెట్టె మోసుకుంటూ ఇద్దరు మనుషులు. ఐదవుతోంది, రకాల బల్ల మీదికి ఏమైనా దొరికిందా, ఎత్తించెయ్యమంటారా అని అడిగాడు.

మేనత్త పరీక్షకుడి చేతిలోంచి స్టాంపు లాక్కుని, నల్లగుడ్డ మీద చీటీ వెనక నిలబెట్టింది.

"దొరికింది బాబూ. అచ్చులోనే జంట పడ్డ అసలు సరుకు. కాకపోతే దాని మీదే 'రకం కాదు' అని రాసుంది."