ఎండ్రకాయ మోసుకెళ్లిన గుడ్లు

ఈ వృత్తాంతాన్ని కళ్లారా చూసినది నీటికోడి. అది బాతుకు చెప్పగా, బాతు నోట మనదాకా వచ్చింది.

పొలాల దిగువ మడుగులో ఒక ముసలి ఎండ్రకాయ ఉండేది. రైతులు ఎరువు కోసం జీలుగ పైరును కలియదున్ని, పొలంలో గొర్రెల మంద కట్టిన రోజుల్లో మడుగు నీరు ఎంత తేటగా ఉండేదో తలచుకొని నిట్టూర్చేది. ఈ ఏడు యూరియా చల్లిన మర్నాడే పెద్ద వాన కురిసింది. ఎరువంతా మడుగులోకి కొట్టుకొచ్చి, చిక్కటి పాచి కమ్మింది.

నిండు చూలాలైన పరిగెచేప మురిసిపోయింది. "పిన్నీ, నా బిడ్డలకు విందే విందు!"

"అమ్మాయీ, ఈ పాచి కుళ్లితే నీళ్లలో ఊపిరాడదు. మడుగులోకి వచ్చే కాలువ పారుతుండగానే పైనున్న వాగుకు వెళ్లిపో."

"నీకు నడకే కాదు, మాటా అడ్డమే!"

కాలువ ఎండింది. పాచి కుళ్లింది. పరిగె నోరు తెరుచుకొని పైకి తేలింది. "పిన్నీ, గుడ్లు ఆ నాచురెమ్మకు అంటించాను. నా బిడ్డలు..."

ఎండ్రకాయ ఆ తడి రెమ్మను డెక్కతో పట్టుకొని, గట్లెక్కి వాగుకు నడిచింది.

పరిగె మడుగులోనే పోయింది. పిల్లలు వాగులో పెరిగి, ఎండ్రకాయను అమ్మమ్మా అంటున్నాయి. తమను ఈ మంచినీటికి పంపినదెవరని అడిగితే, అది ఇప్పటికీ "మీ అమ్మే" అంటుంది.