సమ్మన్న స్కూటరుకు దూపైంది

అంబిక బిందె ఎత్తి స్కూటరు మీద గుమ్మరించింది. సీటు తడిసింది, హెడ్‌లైటు తడిసింది, డిక్కీలో ఉన్న బైబిలు అట్ట కూడా కొంచెం తడిసింది. పాస్టర్ సమ్మన్నకైతే కళ్లే తడిశాయి.

"బిడ్డా, దూపైతుందని నేను నీళ్లడిగిన, ఇచ్చినవ్. మంచిదే. మరి స్కూటరుకెందుకు పోసినవ్?"

"ఏమో అయ్యగారూ, దానికి గూడ దూపైందేమో అనిపిచ్చింది" అంది అంబిక తల వంచుకుని.

"స్తోత్రం!" అని సమ్మన్న వేసిన కేకకు వాకిట్లో కోళ్లు గోడెక్కాయి.

సంగతేమిటంటే, పాత నిబంధనలో ఎక్కడ వేలు పెట్టినా సమ్మన్నకు రాబోయే మెస్సీయ ఛాయే కనబడుతుంది. నోవహు ఓడకున్న ఒక్క తలుపు ప్రభువు. యోనా చేప కడుపులో ఉన్న మూడు రోజులు ప్రభువు సమాధి. రాహాబు కిటికీకి కట్టిన ఎర్రతాడు ఆయన రక్తం. భార్య పూలమ్మ బట్టలారేయడానికి ఎర్రతాడు కట్టినా సరే, ఆగి రెండు నిమిషాలు చూసి గానీ కదలడు.

ఇప్పుడు కొడుకు భూమేశ్ పెళ్లి దగ్గర చిక్కొచ్చింది. భూమేశ్‌కు ముప్ఫై రెండేళ్లు, ఆఫీసులో గుమాస్తా. అదే ఆఫీసుకు బీర్కూర్ నుంచి బస్సులో వచ్చే వర్ష అంటే వాడికి ప్రాణం. ఆ పిల్లకూ ఇష్టమే. "బాపూ, ఈ నెల మనం మాట్లాడకుంటే వాళ్లింట్ల వేరే సంబంధం ఖాయం చేస్తరంట" అని మొన్న ఏడ్చినంత పని చేశాడు.

సమ్మన్న ఆదికాండం తెరిచాడు. "ఇస్సాకుకు పిల్లను చూడనీకె అబ్రాహాము సేవకుడు పోయిండు. నాకు నీళ్లిచ్చి, అడగకముందే నా ఒంటెలకు గూడ పోసిన పిల్లే నువ్వు చూపెట్టిన పిల్ల అని దేవునికి మొక్కిండు. రిబ్కా అట్లనే పోసింది. ఇస్సాకు ప్రభువుకు ఛాయ. రిబ్కా సంఘానికి ఛాయ. సేవకుడు పరిశుద్ధాత్మకు ఛాయ. సూచన లేంది పెండ్లి లేదు!"

"మరి ఒంటె దేనికి ఛాయ?" అంది పూలమ్మ.

"అది ఇంకా బయలుపడలే."

శనివారం సాయంత్రం ఆయన మందిరం ఊడ్చి, చాపలు పరిచి, మైకు సరిచూసి, బోర్డు మీద వాక్యం రాసి, తలుపు దగ్గరికేసి ఒక్కడే మోకాళ్లూనాడు. తండ్రీ, నాకు ఒంటె లేదు, స్కూటరుంది అన్నాడు. రేపు ఆరాధన అయినంక పిల్లలను చూడబోతున్న, నా స్కూటరుకు నీళ్లు పోసిన పిల్లే నా కోడలు అన్నాడు. బుద్ధున్నోళ్లెవరూ స్కూటరుకు నీళ్లు పొయ్యరు, పోసిందంటే అది నీ పనే అన్నాడు. ఈ సంగతి కొడుక్కి చెప్పలేదు, పెళ్లానికీ చెప్పలేదు.

తీరా చూస్తే మొదటి ఇంట్లోనే సూచన! అయినా మాటిచ్చాడు గనుక రెండో ఇంటికీ పోయాడు. అక్కడ హేమ్లి పైపు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది.

"అయ్యగారూ, ముందుగాల మీరు తాగుతరా, స్కూటరు తాగుతదా?"

సమ్మన్న ఇంకో స్తోత్రం చెప్పి స్కూటరు దిగాడు.

మూడో ఇంట్లో లక్ష్మవ్వ మంచం మీది నుంచే దండం పెట్టింది. "మోకాళ్లు నొస్తున్నయి అయ్యగారూ, ఇయ్యాల మందిరానికి రాకపోతి. మీ వాక్యమంతా గిక్కడ పండుకొనే విన్న." ఆమె కూతురు సింధుజ సమ్మన్నకు నీళ్లిచ్చి, ఇంకో చెంబుతో స్కూటరు దగ్గరికి నడిచింది.

"పైన పోస్తే అదేం తాగుతదే? మూత తీసి లోపలికి పొయ్యి!" అని లక్ష్మవ్వ అరిచింది. సమ్మన్న అడ్డం పోయేలోపే పెట్రోలు ట్యాంకులో చెంబెడు నీళ్లు పడ్డాయి.

ఇస్సాకుకు రిబ్కా ఒక్కతే కదా, ఈ ముగ్గురు దేనికి ఛాయ? త్రిత్వానికేమో అనుకుని వెంటనే నాలుక కరుచుకున్నాడు. భూమేశ్ పోరు పడలేక అదే ఊపులో బీర్కూర్ బయలుదేరాడు. ఊరు దగ్గరపడుతుండగా స్కూటరు దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. ఎండలో నెట్టుకుంటూ వర్ష వాళ్ల వాకిట్లోకి చేరాడు.

వర్ష ఆయన్ని నీడలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చింది. స్కూటరుకు చుక్క పోయలేదు. పైగా పైపు ఊడబీకి ట్యాంకులో ఉన్నదంతా డబ్బాలోకి దించింది.

"అంకుల్, ట్యాంకుల నీళ్లెవరు పోసిండ్రు?"

"దైవభక్తి ఉన్నోళ్లే బిడ్డా."

"ఇది బండి అంకుల్, బర్రె కాదు."

సమ్మన్న మనసొప్పక ఇంకో అవకాశమిచ్చాడు. "మస్తు దూరమొచ్చింది బిడ్డా. దానికేమన్న పోస్తవా?"

"పోస్త" అని సీసాతో పెట్రోలు తెచ్చి పోసింది. సమ్మన్న ఉసూరుమన్నాడు.

ఇంటికొచ్చి తీర్పు చెప్పేశాడు. "రిబ్కా నీళ్లు పోసింది. ఈ పిల్ల ఉన్న నీళ్లు తీసేసింది. వర్ష కాదు. ఇగ ఆ ముగ్గురి పేర్లతో చీటీలేద్దాం."

భూమేశ్ తల పట్టుకున్నాడు. "నడిబాట్ల ఆగిపోయినోనివి, ఇంటికెట్లొచ్చినవ్ బాపూ? ఆ పిల్ల పుణ్యమే గద!"

"సూచన సూచనే!"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పూలమ్మ తలెత్తింది. "నిన్ననే చెప్దామనుకున్న. ఎట్లయితదో చూద్దామని ఊకున్న. ఆ పిల్ల ఎదుటోని కష్టం చూసి, తనకు తోచింది చేసింది. మిగిలిన ముగ్గురు నువ్వు చెప్పింది చేసిండ్రు."

"నేనెవరికి చెప్పిన? ఒక్క దేవునికి తప్ప!"

"శనివారం మోకాళ్లూనేముందు నువ్వు మైకు బంద్ చెయ్యలే."