కత్తి పట్టిన పిల్ల

“చెయ్యి ఇంకొంచెం పైకెత్తమ్మా.”

“ఎత్తితే కూర మాడుతుంది నాన్నా.”

ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల కుడిచేతిలో మూసిన గొడుగు కత్తిలా పైకి లేచి ఉంది. ఎడంచేతిలో గరిటె. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక కన్ను తండ్రి మీద, ఒక కన్ను పొయ్యి మీద ఉంచింది. ఆయన గుమ్మానికి ఇవతల పీట వేసుకుని పెన్సిలుతో గబగబా గీస్తున్నాడు. పుస్తకాలకి ముఖచిత్రాలు వెయ్యడం ఆయన ఉద్యోగం. ఈసారి పిచ్చుక వయసు పిల్లల కోసం రాసిన, ఒక అమ్మాయి కత్తి పట్టుకునే రాక్షసుల నవలకి వెయ్యాలి.

“గరిటె కూడా వేస్తావా?”

“తీసేస్తాలే. గరిటెతో రాక్షసుడు చస్తాడా?”

“అన్నయ్య వంట చేస్తే ఆ కూరకి చస్తాడు.”

“విన్నానే!” అని లోపలి గదిలోంచి అన్నయ్య అరిచాడు. “అది సరే గానీ, నా తెల్ల షర్టేదీ?”

“ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాను. కళ్ళు తెరిచి చూడు!”

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి ఆయన పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. భార్య పోయినప్పుడు ఇల్లు చెల్లాచెదురైపోతుందని భయపడ్డాడు. అవలేదు. పొద్దున్నే బల్లమీద వేడి టీ ఉంటుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయినా చేతికొస్తుంది. ఆఫీసు సంచిలో భోజనం డబ్బా ఉంటుంది. ఇలాంటి చిన్న చిన్న దయలే తనని నిలబెట్టాయని ఆయన తరచు అనుకుంటాడు.

ఉన్నది ఒకటే దిగులు. పిచ్చుక బాస్కెట్‌బాల్ మానేసింది. ఒకప్పుడు స్కూలు జట్టుకి కెప్టెన్. వచ్చే నెల మళ్ళీ ఎంపికలున్నాయని కోచ్ పనిగట్టుకుని ఫోన్ చేసింది. పిల్లనడిగితే “చూద్దాంలే నాన్నా” అంటుంది. తల్లితోపాటు దాని ధైర్యం కూడా పోయిందని ఆయన అనుమానం. ధైర్యం చెప్పడం ఆయనకి చేతకాదు, బొమ్మ వెయ్యడం వచ్చు. ఆ కథలో పిల్లకి పిచ్చుక మొహమే పెట్టి, చేతిలో కత్తి పెట్టి, అచ్చయిన పుస్తకం తెచ్చి ఒళ్ళో పెడితే చాలు, ఎంపికలకి తనే పరిగెడుతుంది.

పుస్తకాల కంపెనీ ఆఫీసులో మేనేజరు ఆ బొమ్మని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

“బ్రహ్మాండం మాస్టారూ. కత్తి మాత్రం అబ్బాయి చేతిలో పెట్టండి.”

“ఏ అబ్బాయి?”

“ఎవడో ఒకడు ఉండే ఉంటాడుగా. వాడు ముందు. అమ్మాయి కాస్త వెనకాల, వాడి భుజం పట్టుకుని, జుట్టు గాలికి ఎగురుతూ...”

“మీరు కథ చదివారా?”

“నేను చదువుతూ కూర్చుంటే అమ్మేదెవరండీ? పోనీ మీరు చదివారా?”

ఆయనా చదవలేదు. బొమ్మలు వేసేవాళ్ళకి అక్కడ పుస్తకం ఇచ్చే అలవాటు లేదు. అమ్మాయి మాయకత్తి పట్టుకుని మంచుకొండలు దాటుతుందనీ, చివర్లో రాక్షసుడు చస్తాడనీ ఎడిటరమ్మ ఫోన్లో చెప్పింది. ఆయనకది సరిపోయింది.

“కొండలు దాటేది అమ్మాయండీ. కత్తి ఆ పిల్లది. దాని చేతిలోంచి లాక్కుని ఎవడికో ఇవ్వడం నావల్ల కాదు.”

“అమ్మాయి బొమ్మ చూస్తే మగపిల్లలు కొనరు మాస్టారూ.”

“అయితే ఇంకెవరిచేతైనా వేయించుకోండి. నాకీ ఉద్యోగమూ వద్దు.”

ఏళ్ళ తరబడి ఏం చెప్పినా తలూపిన మనిషి ఆ మాట అనేసరికి మేనేజరు బిత్తరపోయాడు. అమ్మకాలు చూసే అమ్మాయిని పిలిచాడు. ఆమె బొమ్మవంక ఒక్కసారి చూసింది.

“ఇలాగే ఉంచండి సార్. ఇప్పుడు కొనేది ఎక్కువగా ఆడపిల్లలే. కత్తి పట్టిన పిల్ల కనపడితే వాళ్ళ అమ్మలే ముందు డబ్బు తీస్తారు.”

“అలాగా! అయితే మాస్టారూ, కత్తిని ఇంకాస్త పెద్దది చెయ్యండి.”

ఆయన మెట్లు దిగాడు. వీధిలోకొచ్చాక, ఎన్నాళ్ళకో, ఈల వేసుకుంటూ నడిచాడు.

పుస్తకం ఎంపికలకి ముందురోజు చేతికొచ్చింది. సెలవురోజు. పిచ్చుక అట్టమీద తన మొహాన్ని వేలితో తడిమి చూసుకుంది.

“నేనే! అన్నయ్యా, ఇటు చూడు!”

“అమ్మో, ఇకనుంచి నీతో జాగ్రత్తగా ఉండాలే,” అని వాడు మళ్ళీ ఫోనులో తల దూర్చాడు.

పప్పు డబ్బాకి పుస్తకం ఆనించుకుని బియ్యం కడుగుతూ చదివింది. బట్టలు మడతపెడుతూ చదివింది. ఆయన గదిలో కూర్చుని, పేజీ తిరిగిన చప్పుడు విన్నప్పుడల్లా లోలోపల పొంగిపోయాడు. సాయంత్రానికి పుస్తకం పూర్తయింది. ఆమె టీ కలిపి తెచ్చి ఆయన చేతికందించింది.

“ఎలా ఉంది తల్లీ?”

“ఆ పిల్ల నిజంగా నాలాగే ఉంది నాన్నా.”

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. “అయితే రేపు ఎంపికలకి వెళ్తున్నట్టేగా?”

“కుదరదు నాన్నా. పొద్దున్నే అన్నయ్యకి పరీక్ష. వాడికి టిఫిను, నీకు డబ్బా... ఎప్పుడు తెములుతాను?”

“అవన్నీ సాకులే. అంత పెద్ద కత్తి పట్టుకున్న పిల్లని చూశాక కూడా భయమేనా?”

పిచ్చుక పుస్తకం అట్టకేసి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, కాస్త అలసట ఉందంతే.

“ఆ కత్తి ఆ పిల్లది కాదు నాన్నా. కొండలన్నీ దాటి మోసుకెళ్ళి వాళ్ళన్నయ్యకి అందిస్తుంది.”