నత్త తోట

గోడ మీదనుంచి ఎండుటాకుల గోనెసంచి ఒకటి దొర్లి పెరట్లో దబ్బున పడింది.

కుట్టుమిషను ఆపి టైలరమ్మ బయటికి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

గోడ అవతల నెరిసిన తల ఒకటి కనిపించింది.

"చెత్త పారెయ్యడానికి మా ఇల్లే దొరికిందా?"

"చెత్త కాదమ్మా, ఆకులు. మీ నత్త తోటకి పనికొస్తాయేమోనని."

వీధి వీధంతా దాన్ని అలాగే పిలిచేది. నత్తగుల్లలా చుట్టలు తిరుగుతూ నడుమెత్తు లేచిన రాళ్ళ కట్టు. పైన ఎండకు ఓర్చే మరువం, మధ్యలో వాము, అడుగున తడి నిలిచే చోట పుదీనా.

రాళ్ళు పేర్చడం ఒక పూట పని. మట్టి తయారుచెయ్యడానికే ఆమె భర్తకు ఏళ్ళు పట్టింది. అడుగున అట్టముక్కలు, పైన పుల్లలు, కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, మళ్ళీ తొక్కలు, మళ్ళీ ఆకులు. పిడికిట బిగిస్తే ముద్దయ్యేది, వేలితో తాకితే విడిపోయేది.

"ఇది కొన్న మట్టి కాదు, కన్న మట్టి" అని మురిసిపోయేవాడు.

ఆయన పోయి నాలుగు నెలలు కావస్తోంది. పాతిపెట్టిన చోటికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. ఆమెకు మిగిలిన మనిషి ఈ మట్టిలోనే ఉన్నాడు.

సంచి విప్పి చూసింది. ఆకులు మంచివే.

"లోపలికి రండి బాబాయ్."

అలా మొదలైంది. ఆయన వారం వారం ఆకులు తెచ్చేవాడు, ఆమె టీ ఇచ్చేది. ఏ పొర మీద ఏది పరచాలో ఆమే నేర్పింది. మిగిలిన గుడ్డముక్కలతో ఆయనకో సంచి కుట్టిచ్చింది. చివరికి పెరటి తలుపు తాళంచెవి కూడా ఇచ్చేసింది.

"ఇన్ని ఆకులు ఎక్కడివి బాబాయ్?"

"మా దగ్గర చెట్లు ఎక్కువ తల్లీ. ఊడ్చేది నేనొక్కణ్ణే."

"చుట్టుపక్కలవాళ్ళు ఓ చెయ్యి వెయ్యరా?"

"వెయ్యరు. కానీ మంచివాళ్ళు. ఒక్కరూ పేచీ పెట్టరు."

ఆమె పకపకా నవ్వింది. భర్త పోయాక ఆ ఇంట్లో వినపడని నవ్వు.

"రాళ్ళ నేలలో కూడా ఇలా మొక్కలు వస్తాయా?" అని ఒకసారి అడిగాడు.

"ఎందుకు రావు? ఓపిక కావాలి. ఇలాంటి మట్టి తెచ్చి కలుపుతూ ఉంటే, పాలకు తోడు పెట్టినట్టు, అదీ మారుతుంది."

ఆయన బుద్ధిగా తలూపాడు.

ఆడపడుచు చూడటానికి వచ్చిన రోజున బండారం బయటపడింది.

"వదినా, ఇటు రా. చప్పుడు చెయ్యకు."

వంటింటి కిటికీలోంచి ఇద్దరూ చూశారు. పెద్దాయన పుదీనా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నల్లటి మట్టిని దోసిళ్ళతో సంచిలోకి ఎత్తుతున్నాడు. ఆమె కుట్టిచ్చిన సంచిలోకే.

"బాబాయ్!"

ఉలిక్కిపడి లేచాడు.

"ఎవరి మట్టి అది?"

"మీ ఆయనదమ్మా."

"తెలిసే తీశారన్నమాట. ఎక్కడికి?"

ఆయన సంచి మూతి ముడుచుకున్నాడు.

"ఎక్కడికేమిటి, ఏ నర్సరీకో" అంది ఆడపడుచు. "ముక్కూ మొహం తెలియనివాడికి తాళంచెవి ఇచ్చావు. నయం, ఇల్లు రాసివ్వలేదు!"

"అడిగితే ఇవ్వనా బాబాయ్?"

"అడిగితే ఎక్కడికో చెప్పాలమ్మా. చెబితే గుమ్మం తొక్కనివ్వరు."

"ఇదే మొదటిసారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆమె సంచి లాక్కుని, మట్టిని పుదీనా మొదట్లో బోర్లించింది.

"తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళు."

మీరు అనే మాట ఆ పూటతో పోయింది.

తాళంచెవి రాయి మీద పెట్టి, ఆయన గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆకులు మాత్రం కప్పి ఉంచు తల్లీ. మట్టి ఎండకూడదని నువ్వే చెప్పావు."

"నా పాఠం నాకే చెప్పకు."

ఆయన వీధి మలుపు తిరిగాక, తెచ్చిన ఆకులన్నీ చీపురుతో ఊడ్చి గోడ అవతల పారబోసింది. మిషను ముందు కూర్చుంది కానీ సూదిలోకి దారం ఎక్కలేదు. తన మనిషిని దోసిలి దోసిలిగా ఎత్తుకుపోతుంటే, కూర్చోబెట్టి టీ కాచిచ్చింది తనే.

భర్త పోయి ఏడాది నిండిన రోజు ఆడపడుచు మళ్ళీ వచ్చింది.

"ఇవాళైనా రా వదినా. అన్నయ్యని ఒక్కసారి చూసొద్దాం."

శ్మశానం నేలంతా తెల్లటి గులకరాళ్ళు. సమాధుల మీద గడ్డిపోచ లేదు.

ఒక్కటి తప్ప.

ఆమె భర్త సమాధి మీద చిన్న చిన్న రాళ్ళు నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉన్నాయి. పైన మరువం, అడుగున సగం వాడిన పుదీనా.

ఆమె కూలబడి పిడికెడు మట్టి తీసింది. బిగిస్తే ముద్దయింది. వేలితో తాకితే విడిపోయింది.

"ఎవరు చేశారిది?" ఆడపడుచు అక్కడ నీళ్ళగొట్టం చుడుతున్న మనిషిని అడిగింది.

"నాకు ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయనండి. మంచాన పడ్డాక కూడా, దానికి నీళ్ళు పోశావా అని అడిగేవాడు. పోయిన నెల పోయాడు. అదిగో, ఆ చివర."

ఆ చివర ఒట్టి తెల్లరాళ్ళ కుప్ప ఉంది.

"ఈ ఒక్కదానికే ఎందుకట?"

"నేనూ అడిగాను. పూడ్చిన రోజు ఒకమ్మ అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను, అన్నాడు."

టైలరమ్మ పిడికిలి విప్పలేదు.

"ఈ రాళ్ళలోనా ఆయన్ని పెడతారు?" అని ఆ రోజు అడిగింది ఆమే, చుట్టూ నిలబడ్డ అయినవాళ్ళలో ఒక్కరూ బదులు పలకలేదు, నడుములోతు గోతిలో పార పట్టుకుని నిలుచున్న నెరిసిన తల మాత్రం ఒక్క క్షణం పైకి లేచి, మళ్ళీ వంగింది.