అడ్డుపుల్లమ్మ

పిడుగు ప్రసంగం ఇంకా మూడో వాక్యానికి చేరనే లేదు, వెనక బెంచీ మీంచి ప్రశ్న వచ్చి పడింది.

"ఆస్పత్రి పొద్దుట్నించీ తెరిచే ఉంటోంది కదా అమ్మాయ్, అప్పుడు వెళ్ళకుండా ఎవరు పట్టుకున్నారు మిమ్మల్ని?"

అందరూ వెనక్కి తిరిగారు. కళ్ళద్దాల పెద్దావిడ. ఈమధ్యే రాళ్ళషెడ్ల వీధి చివర గదిలో అద్దెకు దిగింది. ఎవరూ పిలవకుండానే యువజన సంఘం మీటింగుకు వచ్చి కూర్చుంది.

పిడుగు అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. షెడ్డులో రాతి పలకలకు పాలిష్ పట్టే పిల్ల. నోరు విప్పితే ఎదుటివాడు సర్దుకోవాల్సిందే. అలాంటి పిడుగు ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలింది.

సంగతి చిన్నదేం కాదు. వీధిలో సగం మందికి దగ్గు. పిడుగు నాన్న రెండు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడతాడు. షెడ్లు వదిలే వేళకు ఆస్పత్రికీ తాళం పడుతుంది. సాయంత్రాలు కూడా తెరవమని మున్సిపల్ హాల్లో అడగడానికి సంఘానికి ఎన్నాళ్ళకో ఓ అవకాశం దొరికింది. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పుడు వింటారో, అప్పటిదాకా నాన్న ఉంటాడో లేదో.

ఆ బెంగలో వాళ్ళుంటే మధ్యలో ఈవిడ గోల ఏమిటి?

మరుసటి మీటింగుకూ వచ్చింది. దగ్గు రాతిదుమ్ము వల్లేనని ఏమిటి గ్యారంటీ, మీవాళ్ళు బీడీలు కాల్చరా అని అడిగింది. సంఘంలోని వెల్డర్ కుర్రాడికి ఒళ్ళు మండింది. ఆమెకు అడ్డుపుల్లమ్మ అని పేరు పెట్టింది అతనే. షెడ్ల యజమానులే పంపారని కూడా తేల్చేశాడు. అందరూ ఔనంటే ఔనన్నారు.

మీటింగును వెల్డింగు షాపులోకి మార్చేశారు. అక్కడికీ వచ్చింది. ఎవరూ కుర్చీ ఇవ్వకపోతే గ్యాసు సిలిండర్ పక్కన నిలబడి మరీ అడిగింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పిడుగుకు పౌరుషం ఎక్కువ. ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నా చెవిలో జోరీగలా తిరిగేది, జవాబు దొరికేదాకా అన్నం సహించేది కాదు. బీడీ మాట పడలేక ఇల్లిల్లూ తిరిగింది. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్ళకూ అదే దగ్గు ఉందని తెలుసుకుని, వాళ్ళను హాలుకు రమ్మని ఒప్పించింది.

ఆఖరి మీటింగులో అడ్డుపుల్లమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. పిడుగుకు ఓపిక నశించింది.

"మీకో దండం, ఇంక మా మీటింగులకి రాకండి. మా వీధి కష్టం మీకేం తెలుసు?"

ఆవిడ చెప్పులు వేసుకుంది. గడప దగ్గర ఆగింది.

"వెళ్తాన్లే. సాయంత్రాలు తెరిస్తే అందులో పనిచేసేదెవరు? నర్సమ్మ ఒక్కతే రెండు పూటలా చేస్తుందా?"

అంతే, వెళ్ళిపోయింది. వెల్డర్ తలుపేశాడు. పిడుగు మాత్రం మర్నాడే వెళ్ళి ఆస్పత్రి నర్సమ్మను కలిసింది.

హాల్లో పొడుగాటి బల్ల వెనక పెద్దలు కూర్చున్నారు. పిడుగు సంగతంతా చెప్పింది.

"పగలంతా ఆస్పత్రి తెరిచే ఉంటోంది కదమ్మా?" అన్నాడు మొదటాయన.

పిడుగుకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"షెడ్డు గేటు దాటి బయటికొస్తే ఆ రోజుకి మళ్ళీ లోపలికి రానివ్వరండి. దగ్గు చూపించుకోవాలా, పొయ్యి వెలిగించుకోవాలా అంటే మావాళ్ళు పొయ్యే అంటారు."

బీడీల సంగతి పక్కాయన ఎత్తాడు. పాలిష్ పట్టే ఆడవాళ్ళు వెనక వరుసలోంచి లేచి నిలబడ్డారు. ఒకావిడ మాట్లాడబోయి దగ్గుతూ ఉండిపోయింది. ఆయన మళ్ళీ బీడీ మాట ఎత్తలేదు.

చైర్మన్ కళ్ళజోడు తీశాడు.

"అంతా బాగుందమ్మా. మరి అక్కడ పనిచేసేవాళ్ళని ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్?"

"మేం ఉన్నామండి. చదువుకుని కూడా వేరే దారిలేక రాయి కోస్తున్నవాళ్ళం మా వీధిలో బోలెడుమందిమి. నర్సమ్మగారు పని నేర్పిస్తానన్నారు, మీరు ఉద్యోగాలివ్వండి. మా నాన్నల్ని మేం చూసుకుంటాం, మా ఊపిరితిత్తులూ మిగుల్తాయి."

పెద్దలు తమలో తాము కాసేపు మాట్లాడుకున్నారు. వచ్చే నెల నుంచే సాయంత్రాలు తెరుస్తామని, పిల్లల్ని శిక్షణకు పంపమని చైర్మన్ చెప్పాడు.

ఆ రోజు వీధికి కాళ్ళు నేలమీద ఆనలేదు. నాన్న ఆయాసపడుతూనే గుమ్మంలో నిలబడి, దారినపోయే ప్రతివాడికీ "నా కూతురు" అని చూపించాడు. పిడుగుకు గర్వంతో గుండె నిండిపోయింది.

తిన్నగా వీధి చివరి గదికి నడిచింది. గెలిచామని ఆవిడ ముఖం మీదే చెప్పాలి.

గది ఖాళీగా ఉంది. ఇంటావిడ గచ్చు కడుగుతోంది.

"పొద్దున్నే సామాను సర్దుకుంది తల్లీ. ఇటుకబట్టీల దగ్గర కుర్రాళ్ళెవరో అర్జీ పెడుతున్నారని తెలిసి, అక్కడ గది చూసుకుంది."

"అక్కడా అడ్డుపుల్లలేనా?"

ఇంటావిడ చీపురు పక్కన పెట్టింది.

"మీతో చెప్పొద్దంది. చెబితే జాలిపడతారు, జవాబు వెతుక్కోరు అంది. ఆవిడ పెనిమిటి ఇక్కడే రాయి కోసేవాడు. ఆవిణ్ణి గుర్తుపట్టడానికి అప్పటివాళ్ళెవరూ మిగల్లేదు, నేను తప్ప."

పిడుగు చెప్పులు విడిచి గదిలోకి వచ్చింది.

"ఆయన దగ్గుతో మంచాన పడితే, ఈ వీధి తరఫున ఆ హాల్లో మొట్టమొదట నిలబడి అడిగింది ఆవిడే తల్లీ. ఆ రోజు తను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలే మిమ్మల్ని అడిగింది."