నారింజ చెక్క

కంచె సందులోంచి ముసలావిడ మళ్లీ దూరి వచ్చింది.

చెంబెడు నీళ్లు పెరట్లోని నారింజ చెట్టు మొదట్లో పోసింది. ఉలోమా చెయ్యి పట్టి చెట్టు దగ్గరికి లాగింది. చెట్టుని తట్టి, ఉలోమా పొట్టని తట్టి, గడగడా ఏదో చెప్పింది.

ఉలోమాకి ఇగ్బో భాష ఒక్క ముక్క రాదు.

"ఏమంటోంది అన్నయ్యా?"

"నీకింకా పిల్లల్లేరా అంటోంది. మతి చెడిన మనిషి, రొట్టె ఇచ్చి పంపెయ్," అన్నాడు పెదనాన్న కొడుకు ఒక్వుదిలి.

ముసలావిడ రొట్టె ముట్టుకోలేదు.

ఉలోమా లండన్‌లో పుట్టింది. తల్లి ఐర్లండ్ మనిషి, తండ్రిది ఈ ఇగ్బో ఊరు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీయడం ఆమె పని. అక్కడ నల్లపిల్ల, ఇక్కడ తెల్లపిల్ల. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. తండ్రి పోయాక, ఆయన కట్టిన ఈ ఇంట్లోనే ఉండిపోదామని వచ్చింది. ఇల్లు ఎవరిదో వంశం పెద్దలు తేల్చేదాకా ఆగమన్నారు.

అప్పటిదాకా గేటుకి తాళం. చెవి ఒక్వుదిలి మొలలో.

"దొంగల భయం చెల్లీ. నీ మంచికే."

ముసలావిడ పట్టే సందులో ఉలోమా పట్టదు. వాన చూస్తూ, గోడలు చూస్తూ కూర్చునేది. ఊపిరాడేది కాదు.

"చెక్క కావాలన్నావుగా? ఆ నారింజ కొట్టిస్తా," అన్నాడు ఒక్వుదిలి ఒక ఉదయం.

ఉలోమా సంబరపడింది.

గొడ్డలి చప్పుడు వినగానే ముసలావిడ పరుగెత్తుకొచ్చి మొదలుని కావలించుకుంది. కూలీలు ఆమెను ఎత్తి పక్కన కూలేశారు.

"పళ్లు పోతాయని ఏడుపు," అన్నాడు ఒక్వుదిలి.

చెట్టు పడింది. ముసలావిడ మళ్లీ రాలేదు.

ఆ మొహం మాత్రం ఉలోమాని వదల్లేదు. ఆ నారింజ చెక్క మీదే ఆ మొహాన్ని చెక్కి అచ్చు తీసింది.

పెద్దలు కూర్చున్నారు. ఆనవాయితీగా కోలా కాయ విరిచి పంచుకున్నారు. వంశపెద్ద ఇంగ్లీషులోనే అడిగాడు.

"నీ బొడ్డుతాడు ఎక్కడ పాతారు తల్లీ?"

ఆ ఊళ్లో ఆ చోటు చూపగలిగితే ఇల్లున్నట్టే. లేకపోతే పరాయి మనిషే.

"తెలీదండీ."

"లండన్ ఆస్పత్రి చెత్తబుట్టలో!" ఒక్వుదిలి తొడ చరిచి నవ్వాడు.

ఏం చెయ్యాలో తోచక, కానుకగా తెచ్చిన అచ్చుబొమ్మని ఉలోమా పెద్దాయన ముందు పెట్టింది.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"మా ఎంబాఫో! మీ నాన్న నీ బొడ్డు కవర్లో పెట్టి పంపితే, పాతింది ఈవిడే కదూ. ఏ చెట్టు కిందో ఆవిడకే ఎరుక."

"రమ్మనండి!"

"పుట్టింటికెళ్లి మంచం పట్టింది. మొన్నే పోయింది."

ఉలోమా బొమ్మలోని మొహం మీద చెయ్యి వేసింది. "పెరట్లో నారింజ చెట్టు... రోజూ నీళ్లు పోసేది..."

"ఏదీ, చూపించు చెట్టు?" అన్నాడు ఒక్వుదిలి.

పెద్దలు తలలు దించుకున్నారు. ఇల్లు తన చెయ్యి జారి ఒక్వుదిలి పాలైందని ఉలోమాకి అర్థమైంది. కానీ ఆ క్షణాన అడగాలనిపించింది ఇంటి గురించి కాదు.

"ఎవరండీ ఆవిడ?"

పెద్దాయన బొమ్మని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ నాన్న లండన్ వెళ్తూ ఇక్కడ వదిలేసిన పెళ్లాం తల్లీ. ఆ కవరు అందిన రోజున 'నా కూతురిది' అని గుండెకి అదుముకుని పట్టుకెళ్లింది."