కొంగు పోగు

ఆమదాలవలసలో పాసింజరు బండి ఎక్కుతుండగా, తలుపు గడియకు తగిలి తిరుమలరావు కొత్త ఖద్దరు పంచె పర్రుమంది.

రెండు వేళ్ళంత చిరుగు.

సీట్లో కూలబడ్డాడు. మధ్యాహ్నానికల్లా రామతీర్థంలో రాములవారి కల్యాణానికి భార్యతో పీటల మీద కూర్చోవాలి. ఆరు నెలల మొక్కు.

"సిరిగిన బట్టతో కూకోకూడదు. కుట్టిన బట్టా పనికిరాదు" అంది భార్య ధనలక్ష్మి. "బండెక్కినపుడు కూడా ఆ ఫోనేటండీ?"

ఎదురుసీట్లోని ముసలామె చెయ్యి చాపింది. "ఇలాగియ్యి బాబూ."

"కుట్టకూడదమ్మా."

"కుట్టను. నేస్తాను."

తన తెల్లచీర కొంగు చివర నుంచి ఒక పోగు లాగి సూదికి ఎక్కించింది. పంచె చెంగు ఒళ్ళో పరుచుకుని, ఒక పోగు కింద నుంచి, ఒక పోగు పైనుంచి అల్లసాగింది.

"నీ సీర పాడైపోతాది కదమ్మా" అంది ధనలక్ష్మి.

"కొంగు అంగుళం తగ్గితే నాను పొట్టిదాన్నైపోతానేటి?"

తిరుమలరావు మనసు తేలికపడింది. మళ్ళీ ఫోను తీశాడు.

"ఆరొందలు దాటాయి" అన్నాడు.

"ఏటవి బాబూ?"

"నా కామెంటుకి లైకులమ్మా. 'రాట్నం అమ్మ' అని ఒక పేజీ ఉన్నాది. మొహం సూపించదు, సేతులే. వాలుగ సేప దవడతో పత్తి దువ్వుతాది. ఆ దారంతో పంచెలంట. 'సేప పళ్ళు తగిలింది కట్టుకుని గుడికెళ్తారా, సిగ్గులేదా' అని రాసినాను. వారం రోజులై ఆవిడ మరి వీడియో పెట్టలేదు."

సూది ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఆవిడ నీకేటి సేసింది బాబూ?"

"ఏటీ సెయ్యలేదు."

"మరి?"

తిరుమలరావు ఫోను తిప్పి తన పేజీ చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి గీతాశ్లోకం ఒకటి పెడతాడు. రెండే లైకులు. అందులో ఒకటి తనదే.

ధనలక్ష్మి నవ్వింది. "ఈయన పెట్టే శ్లోకం ఎవులూ సూడరు. మిల్లులో ఓనరు తిడతాడు. ఇంట్లో ఈయన మాట పిల్లి కూడా ఇనదు. అక్కడైతే ఆరొందల మంది నవ్వుతన్నారు."

"ఆకలి తల్లీ" అంది ముసలామె. "మన మాట ఎవులో ఒకలు ఇనాలని అందరికీ ఆకలే. అది తప్పు కాదు. పక్కోడి ఇస్తరాకు లాక్కోడమే తప్పు."

నేత ఆపకుండానే, "ఆ శ్లోకమేదో నాకు సెప్పు బాబూ. నాను ఇంటాను" అంది.

తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. శ్లోకం చదివాడు, అర్థం చెప్పాడు. ఆమె "ఊఁ" కొడుతూనే నేసింది. మరొకటి చదివాడు. చీపురుపల్లి వచ్చేసరికి ఏడు శ్లోకాలయ్యాయి.

ఆమె దారాన్ని పంటితో కొరకలేదు. దేవుడి దగ్గర కట్టే బట్ట ఎంగిలవుతుందని గోటితో తెంపింది.

"ఎల్లొస్తాను. కూతురింటికి" అని దిగిపోయింది.

బండి కదిలాక గుర్తొచ్చింది, పేరు అడగలేదని.

కల్యాణం చక్కగా జరిగింది. ప్రసాదం తిన్నాక తిరుమలరావు చిరుగు కోసం వెతికాడు. దొరకలేదు. ధనలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. ఆమెకూ దొరకలేదు.

ఆ పాత కామెంటు తీసేద్దామనుకున్నాడు. కింద ఆరొందల యాభై లైకులు కనిపించాయి. రేపు తీద్దాంలే అనుకుని, ముందు పంచె ఫోటో పెట్టాడు.

'రైల్లో ఒక తల్లి తన కొంగు పోగు తీసి నా మొక్కు నిలబెట్టింది. అది ఎంతలా కలిసిపోయిందంటే చిరుగెక్కడో నాకే తెలియడం లేదు. ఎవరో చెప్పండి, కాళ్ళకు దండం పెట్టుకుంటాను.'

సాయంత్రం తిరుగు బండి కోసం నెల్లిమర్ల స్టేషన్లో కూర్చుని చూసుకున్నాడు. రెండే లైకులు. ఒకటి తనదే.

రెండోది 'రాట్నం అమ్మ'ది, కింద జవాబు కూడా ఉంది: "కలిసిపోదేటి బాబూ, నీ పంచే నా కొంగూ ఒక్క సేప పళ్ళు దువ్విన పత్తే కదా."